తక్బీర్‌కు లేవని చేయి
(సొసైటీ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



 నేను డాక్టర్ని కాను, బడిలో పాఠాలు చెప్పుకునే టీచర్ని. మా ఆపా తొమ్మిదేళ్లుగా డయాలసిస్ మీద ఉంది. ఆమెకు తోడుగా వెళ్తూ, డాక్టర్లను అడిగి తెలుసుకున్న విషయాలే ఈరోజు మీ ముందు పెడుతున్నాను.

రెండేళ్ల కిందట ఆపా మనవరాలికి జడ వేయడం మానేసింది. ఓపిక లేదేమో అనుకున్నాం. ఒకరోజు పక్కన నమాజుకు నిలబడినప్పుడు చూశాను. తక్బీర్ చెప్పేటప్పుడు ఆమె కుడి చేయి భుజం దాకా లేవడం లేదు. "ఎన్నాళ్ల నుంచి ఆపా?" అని అడిగితే, "ఆరు నెలలైంది. కిడ్నీలే పోయాయి, ఇక భుజం సంగతి ఎవరికి చెప్పుకోను?" అంది. ఆ ఆరు నెలలూ మందుల షాపు నుంచి నొప్పి మాత్రలు తెప్పించుకుని మింగింది. చివరికి కడుపులో రక్తస్రావమై ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది.

కిడ్నీ రోగులకు భుజం నొప్పి ఎందుకు వస్తుంది? ముఖ్యమైన కారణాలు మూడు చెబుతాను.

మొదటిది, బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అనే ప్రోటీన్. మంచి కిడ్నీలు దాన్ని రక్తంలోంచి తీసేస్తాయి. డయాలసిస్ యంత్రం అంతగా తీయలేదు. ఏళ్లు గడిచేకొద్దీ అది భుజాల్లో, మణికట్టులో పేరుకుంటుంది. ఈ సంగతిని 1985లో జపాన్ పరిశోధకులు గుర్తించారు. ఈ నొప్పి రాత్రి పడుకున్నప్పుడు, డయాలసిస్ మంచం మీద ఉన్నప్పుడు ఎక్కువవుతుంది. వేళ్లలో తిమ్మిరి కూడా ఉండవచ్చు.

రెండోది, ఎముకల జబ్బు. కిడ్నీలు పాడైతే భాస్వరం, అంటే ఫాస్ఫరస్, ఒంట్లో నిలిచిపోతుంది. మెడలోని పారాథైరాయిడ్ గ్రంథులు అతిగా పనిచేసి ఎముకల్లోని కాల్షియాన్ని లాగేస్తాయి. ఎముకలు, కండరాలను పట్టి ఉంచే నరాల్లాంటి తాళ్లు బలహీనపడతాయి. అందుకే డాక్టర్ రాసిన ఫాస్ఫరస్ మాత్ర అన్నంతో పాటే వేసుకోవాలి, తర్వాత వేసుకుంటే అంత పనిచేయదు.

మూడోది, భుజం బిగుసుకుపోవడం. షుగర్ ఉన్నవాళ్లలో ఇది ఎక్కువ, కిడ్నీ రోగుల్లో చాలామందికి షుగర్ ఉంటుంది. పైగా ఫిస్టులా ఉన్న చేయి ఏమవుతుందోనన్న భయంతో కొందరు దాన్ని కదపనే కదపరు. ఆ చేతికి బరువులు ఎత్తకూడదు, బీపీ చూడనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు. అంతే గానీ, డాక్టర్ సరేనన్నాక కదపడం మానకూడదు.

అందుకని మన వాళ్లందరికీ చెప్పాల్సిన మాటలు ఇవి. డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా కొనుక్కోవద్దు. డయాలసిస్ దాకా రానివారికి అవి ఉన్న కిడ్నీని కూడా దెబ్బతీస్తాయి. డయాలసిస్ మీద ఉన్నవారికి కడుపులో రక్తస్రావం ప్రమాదం. నాటు కట్టుకు, గట్టి మాలిష్‌కు పోవద్దు. భుజం వాచి ఎర్రబడి జ్వరం వచ్చినా, భుజం నొప్పితో పాటు ఆయాసం, చెమటలు పట్టినా ఆలస్యం చేయకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

ఆపాను మరో బెంగ కూడా తినేసింది. చేయి లేవకపోతే నమాజు కబూల్ అవుతుందా అని. ఇమాం సాబ్‌ను అడిగితే, చేతనైనంత వరకే ఎత్తమన్నారు, నిలబడలేనివారు కూర్చుని, కూర్చోలేనివారు పడుకుని చదువుకోవచ్చన్నారు. ఆ మాట విన్నాక ఆమె ముఖం తేటపడింది.

దాతలారా, ఇక మీతో ఒక మనవి. ఆరోగ్యశ్రీ వంటి పథకాల వల్ల ఈరోజు పేదలకు డయాలసిస్ దొరుకుతోంది. కానీ వారానికి 3 సార్లు అంటే ఏడాదికి 156 సార్లు ఆస్పత్రికి పోవాలి. ఆటో ఖర్చుకే ఇల్లు గడవని వారు ఫాస్ఫరస్, పారాథైరాయిడ్ పరీక్షలు సొంత డబ్బుతో చేయించుకోగలరా? ఫిజియోథెరపీకి వేరే ఇంకోరోజు వెళ్లగలరా? అర్హులైన పేదలకు జకాత్ నుంచి, మిగతావారికి సదఖా నుంచి ఈ పరీక్షలకు సాయం చేద్దాం. వారానికి ఒక పూట మన సొసైటీ హాలుకు ఫిజియోథెరపిస్టును పిలిపిద్దాం. ఆడవాళ్లకు ఆడ ఫిజియోథెరపిస్టు అయితే సిగ్గుపడకుండా వస్తారు.

మా ఆపాకు నొప్పి పూర్తిగా పోలేదు. వ్యాయామం మొదలుపెట్టి ఏడాది దాటింది. చేయి ఇప్పుడు భుజం దాకా లేస్తోంది, అల్హమ్దులిల్లాహ్. మొన్న ఈద్ నాడు మనవరాలికి జడ వేసింది. వంకరగా వచ్చింది. ఆ పిల్ల సాయంత్రం దాకా దాన్ని విప్పనివ్వలేదు.

మీరు పంపే రూపాయి ఇలాంటి ఇళ్లకే చేరుతుంది. అల్లాహ్ మీ దానాన్ని స్వీకరించుగాక.