మస్తరు యంత్రమునకు మరమ్మతు



మట్టిపనికి మస్తరు వ్రాయుట మన డెల్టాలో క్రొత్త సంగతి కాదు. 1847లో కాటన్ దొర ధవళేశ్వరమున ఆనకట్ట పని నారంభించిననాడును కూలీలకు లెక్కవ్రాసియే చెల్లించియుందురు. నేనును యౌవనమున రెండు వేసవులు కాలువ పూడికతీతలో మస్తరు పట్టుకొని తిరిగినవాడను. పేరు పిలుచుట, గీత గీయుట, సాయంకాలము కూడుట, ఇంతియే నా విద్య. అందు దొంగపేర్లు చొరబడెడివనుట దాచవలసిన మాట కాదు.

ఆ దొంగపేర్లను పట్టుటకే 2021 మే నెలలో కేంద్రప్రభుత్వము ఉపాధిహామీ పనులకు, చేతిఫోనులో నడచు హాజరుపట్టీ నొకదానిని తెచ్చినది. దానిపేరు ఎన్.ఎం.ఎం.ఎస్. 2022 మే 16 నుండి 20 మందియు, అంతకు మించియు పనిచేయుచోట్ల, 2023 జనవరి 1 నుండి వ్యక్తిగత లబ్ధిదారుల పనులు తప్ప అన్నిచోట్ల దానిని తప్పనిసరి చేసిరి. మేటు పనిచోట నిలిచి దినమునకు రెండుమార్లు కూలీల ఛాయాచిత్రము తీయవలసియుండెను. చిత్రముతోబాటు స్థలమును, వేళయును నమోదగును.

వినుటకు బాగుగనే యున్నది. కాని మన యెండ దానికి తెలియదు. కాలువలు కట్టివేసిన వేసవిలో గదా పూడిక తీయుదురు! మనవారు తెల్లవారుచుండగనే పలుగు, పార, తట్ట పట్టుకొని పోయి, ఎండ ముదురకముందే యిల్లు చేరగోరుదురు. రెండవ చిత్రము మధ్యాహ్నమనినచో, నీడలేని గట్టున పడిగాపులు పడవలసినదే. మా వీధిలో అరువదియేండ్లు దాటిన ముసలమ్మ యొకతె అట్లే కూర్చున్నది. ఆ దినమున సిగ్నలు అందలేదు, చిత్రము పోలేదు. ఆమె తవ్విన మట్టి గట్టుమీద కుప్పగా నున్నది. పట్టీలో మాత్రమామె లేదు. ఆమెను వెంటబెట్టుకొని ఒక కార్యాలయమునకు పోతిని. అందలి చిన్నవాడు మర్యాదగనే, “అయ్యా, మీరు పెద్దవారు. ఇందులో లేనిదానిని నేనెట్లు వ్రాయుదునండీ?” అనెను. నా కాలముననైనచో కలముతో నొక గీత గీసియుందును. ఆ గీతయే దొంగపేర్లకును దారి యిచ్చినదని యెరిగినవాడను గనుక అతనిపై కోపింపలేకపోతిని.

ఇట్టి మొరలు పలుచోట్లనుండి ఢిల్లీకి చేరగా, పిమ్మట దానిని సవరించిరి. మొదటి చిత్రమెక్కించిన నాలుగుగంటలకే రెండవది తీయవచ్చుననిరి. ఉదయపు హాజరును సిగ్నలు లేనిచోటను తీసి, ఫోనులో నిలిపి, సిగ్నలు అందినప్పుడు పంపవచ్చుననిరి. తప్పించుకొనలేని కారణమున హాజరు ఎక్కనిచో, జిల్లా అధికారి అనుమతిపై చేతివ్రాత హాజరునకు వీలు కల్పించిరి. ఈ మూడవ సంగతి మా ప్రాంతమున నెరిగినవారే తక్కువ. ఎరుగకపోవుటచేత ఎన్ని దినముల కూలి పోయెనో!

అంతటితో అంతయు కుదిరినదనరాదు. పనికి సంబంధములేని చిత్రములును, చిత్రమునకు తీసిన చిత్రములును ఎక్కుచున్నవని 2025 జూలైలో కేంద్ర గ్రామీణాభివృద్ధి శాఖయే రాష్ట్రములకు వ్రాసినది. దొంగపేరు కాగితము విడిచి ఫోనులో కాపురము పెట్టినదన్నమాట! ఫోను ముఖమును చూపును గాని మట్టిని కొలువదు. ఆ ముఖము ఎవరిదో ఊరివారికే తెలియవలెను. సామాజిక తనిఖీ సభలో పట్టీ చదువుచుండగా పెద్దలు కునుకు తీయుట చూచితిని. నేనును తీసినవాడనే.

ఆ ముసలమ్మ మనుమడు తరువాత నొక చిన్న పుస్తకమున, నాయనమ్మ పనికి పోయిన దినమును, వేళను, చిత్రము తీసినదియు లేనిదియు వ్రాయసాగెను. వాడు పుస్తకమును సభకు తెచ్చిననాడు నేను ముందువరుసలో కూర్చుంటిని. పట్టీకిని పుస్తకమునకును రెండుదినములు తేడా వచ్చినది. అందరియెదుట దానిని వ్రాసికొనిరి.