నిప్పుల మధ్య నిలిచే నికెల్



జెట్ ఇంజిన్‌లో ఇంధనం మండే గది నుంచి దూసుకొచ్చే వాయువు వేడి 1,500 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. దానికి ఎదురొడ్డి తిరిగే టర్బైన్ బ్లేడు నికెల్ మిశ్రమలోహంతో పోసినది. సుమారు 1,350 డిగ్రీలకే కరిగిపోయే సరుకు. అయినా కరగదు. లోపలి సన్నని దారుల్లో పారే గాలి, ఒంటిమీది సిరామిక్ పూత దాన్ని చల్లబరుస్తాయి. మిగిలిన భారమంతా లోహం అంతర్నిర్మాణం మోయాల్సిందే.

ఆ నిర్మాణాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో ఒకసారి చూసినవారు మరచిపోలేరు. దాదాపు అర మైక్రాన్ కొలత ఉన్న ఘనాలు, వరుస తప్పకుండా. మూడు నికెల్ పరమాణువులకు ఒక అల్యూమినియం చొప్పున కుదురుకున్న ఆ ఘనాల పదార్థం పేరు గామా ప్రైమ్. మేలైన మిశ్రమాల్లో దాని వాటా 70 శాతం దాకా ఉంటుంది. ఇటుకల నడుమ సున్నంలా సన్నగా పరుచుకున్న మిగతా లోహం గామా.

లోహం సాగాలంటే డిస్లొకేషన్లు, అంటే స్ఫటికంలో పరమాణువుల వరుస తప్పిన గీతలు, కదలాలి. గామాలో సులువుగా జారే డిస్లొకేషన్, గామా ప్రైమ్‌లోకి ఒంటరిగా చొరబడితే పరమాణువుల క్రమం చెదురుతుంది. దాన్ని సరిచేసే రెండోది వెంట ఉండాలి. అంటే జంటగానే వెళ్లాలి. వేడి పెరిగేకొద్దీ ఆ జంటలో కొంత భాగం పక్క తలంలోకి జారి అక్కడే ఇరుక్కుంటుంది. 1962లో శాస్త్రవేత్తలు కియర్, విల్స్‌డార్ఫ్ వివరించినది ఈ బిగింపునే. అందువల్లే గామా ప్రైమ్ 700-800 డిగ్రీల వరకూ వేడెక్కేకొద్దీ గట్టిపడుతుంది! వేడికి లోహం మెత్తబడుతుందని చదువుకున్నవారికి ఇంతకన్నా అందమైన పాఠం దొరకదు.

అసలు శత్రువు క్రీప్. ఒకే భారం కింద, ఏళ్ల తరబడి, కంటికి తెలియకుండా సాగడం. స్ఫటికాల సరిహద్దుల్లో పుట్టిన రంధ్రాలు పగుళ్లవుతాయి. 1960లలో ఇంజిన్ల కంపెనీ ప్రాట్ అండ్ విట్నీలో వెర్‌స్నైడర్ బృందం ఆ సరిహద్దులనే తీసేసింది. అచ్చు అడుగున మెలితిరిగిన ఇరుకు దారి పెడితే, పోటీపడే స్ఫటికాల్లో ఒక్కటే పైకి చేరి బ్లేడంతా తానే అవుతుంది.

హైదరాబాదు కంచన్‌బాగ్‌లోని రక్షణ లోహ పరిశోధన ప్రయోగశాల (డీఎంఆర్‌ఎల్) ఈ ఒకే స్ఫటికపు బ్లేడ్లు పోసే విద్యను పట్టుకుంది. 2021లో హెలికాప్టర్ ఇంజిన్ కోసం 60 సింగిల్ క్రిస్టల్ బ్లేడ్లను హిందుస్థాన్ ఏరోనాటిక్స్ (హెచ్‌ఏఎల్)కు అందించింది. చిన్న విజయం కాదది.

ఈ రంగానికి ఓపికగల చేతులు కావాలి. ఒక్కో క్రీప్ పరీక్ష వేల గంటలు నడవవచ్చు. మధ్యలో తెగిన నమూనాను పారేయకండి. తెగిన చోటును మైక్రోస్కోపు కింద పెట్టి, కనిపించినదంతా రాసిపెట్టండి. తర్వాతి బ్లేడును రూపొందించేవారికి ఆ రాత అవసరం.