కొండ చలి కబురు
(సంఘం వార్షికోత్సవ అంతర్జాల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను చలికాలం గురించి మాట్లాడమన్నారు. చింతపల్లి వైపు పుట్టినవాడిని, ఇంతకంటే తేలికైన విషయం ఏముందని ఒప్పుకున్నాను. తీరా కూర్చుంటే, చలి మనకు బాగా తెలుసుగానీ చలి కబురు మనదాకా రావడం లేదని అర్థమైంది.

టీవీలో ఏం చెబుతారు? ‘ఉత్తర కోస్తా ఆంధ్రప్రదేశ్, యానాంలో పొడి వాతావరణం’. అంతే. విశాఖ బీచ్, గోదావరి ఒడ్డున యానాం, వెయ్యి మీటర్ల ఎత్తున మన ఊళ్లు, అన్నీ ఆ ఒక్క మాటలోనే. కిందవాళ్లు ఫ్యాను వేసుకుని పడుకున్న రాత్రి మన ముసలమ్మలు నెగడు దగ్గర తెల్లార్లూ కూర్చుంటారు.

వెయ్యి మీటర్లు ఎక్కితే ఆరేడు డిగ్రీలు తగ్గుతాయి. విశాఖలో 18 ఉంటే మన దగ్గర 11, 12 ఉండాలి. కానీ చింతపల్లి వ్యవసాయ పరిశోధనా స్థానంలో 5, 6 డిగ్రీలు నమోదైన రోజులున్నాయి. మిగతాది పల్లం చేసే పని. మబ్బు లేక, గాలి ఆడని రాత్రి నేలలోని వేడి పైకి పోతుంది. చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్లలాగే వాలు పట్టి దిగి లోయలో నిలుస్తుంది. అందుకే గెడ్డ పక్క ఊరి చలి వేరు, గట్టు మీది ఊరి చలి వేరు. చుక్కలు తేటగా ఉంటే తెల్లారి మంచు గట్టిగా ఉంటుందని మన పెద్దలు ఊరికే అనలేదు. మబ్బు పడితే దుప్పటి కప్పినట్టు చలి తగ్గుతుంది. దానికి సంతోషపడకండి. డిసెంబరులో తూర్పు నుంచి మబ్బు వస్తే బంగాళాఖాతం వార్త వెంటనే వినాలి.

లంబసింగిలో సున్నా డిగ్రీలని పేపర్లు రాస్తాయి, కార్లు వరస కడతాయి. లెక్కకు తీసుకునే ఉష్ణోగ్రతను నీడలో, మనిషి ఛాతీ ఎత్తున ఉన్న పెట్టెలో కొలుస్తారు. అక్కడ 3, 4 ఉన్నా గడ్డి మీద మంచు గడ్డకట్టవచ్చు. ఇక ‘చలిగాలులు’ అని ప్రకటించడానికి మైదానంలో 10 డిగ్రీలు, కొండల్లో 0 హద్దు. మన పిల్లలు వణికేది ఆ రెండింటి మధ్యలో!

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. ఆ కబురు మా అన్నయ్య విన్నాడు. ‘బాపట్ల ఎక్కడ, మనమెక్కడ’ అని కళ్లంలో ఆరబెట్టిన కాఫీ ఎత్తలేదు. పప్పు కాఫీ తేమ 10, 11 శాతానికి దిగాలంటే వారం పది రోజులు మంచి ఎండ కావాలి. సగం ఆరిన గింజ మళ్లీ తడిస్తే బూజు, వాసన, ధర పోతుంది. వదిన చేత్తో గింజలు ఏరుతూ కూర్చున్న రోజులు నాకు ఇంకా కళ్లముందున్నాయి. అన్నయ్యకు కబురు అందింది. అది మన కొండకు ఏమవుతుందో చెప్పేవాళ్లే లేకపోయారు.

ఆ పని మనం చేయవచ్చు. వాతావరణ శాఖవాళ్లు రైతుల కోసం మంగళ, శుక్రవారాల్లో సలహాలు విడుదల చేస్తారు. మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే ఉంటాయి. పట్నంలో ఉద్యోగాలు చేస్తున్న మన పిల్లలు అది చదివి, కువి, ఆదివాసీ ఒడియా, తెలుగు, ఏది ఇంట్లో మాట్లాడితే అందులో రెండు నిమిషాల వాయిస్ పంపండి. సంతకు బయలుదేరేలోపే అందాలి. ‘కాఫీ మీద టార్పాలిన్ కప్పు అన్నా’ అని చెప్పండి, మిల్లీమీటర్లు చెప్పకండి.

ఇంకొక్కటి. తలుపులు మూసిన గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకుని పడుకోనివ్వకండి. ఆ విషవాయువుకు వాసన ఉండదు, నిద్రలోనే ప్రాణం పోతుంది. బాలింత ఉన్న ఇంటికి ఈ మాట తప్పక చేరాలి.

మా ఊరి బడి వరండాలో, నీడన, ఒక థర్మామీటరు కట్టించాను. ఐదో తరగతి పిల్లలు రోజూ పొద్దున చూసి పలక మీద రాస్తున్నారు. ఈ రోజు 9 అని ఇందాకే ఫోటో పంపారు.