తోబుట్టువులు – దేహవిద్య – గురువు
(ఉగాది సభలో చేసిన ప్రసంగము)

పిల్లలను జిమ్నాస్టిక్సు పోటీలకు తయారుచేయుటను గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించినారు. మాకు తోచినది మనవి చేయుచున్నాము.

మన పావగడ తాలూకా సంగతి మీకు కొత్తగా చెప్పనక్కరలేదు. పేరుకు తుమకూరు జిల్లా; మూడు వైపుల ఆంధ్రదేశము. బడిలో కన్నడము, ఇంటిలో తెలుగు. వానలు తక్కువ గనుకనే మనలో చాలమంది పొట్ట చేతబట్టుకొని బెంగుళూరు చేరినాము. ఇప్పుడు తిరుమణి వైపున వేలాది ఎకరాలలో పలకలు పరచి ఎండతో విద్యుత్తు పుట్టించుచున్నారు. ఎండ కూడ సొమ్మగునని తెలిసినది గాని, ఆ ఎండలో చింతచెట్లెక్కి, బావిలోనికి పల్టీలు కొట్టి దూకే మన పిల్లల ఒంటిలోని సత్తువను ఏమి చేసికొనవలెనో ఇంకను తెలియలేదు.

పల్టీ మనకు కొత్త విద్య కాదు. దొమ్మరివారు వీధిలో గడ నాటగా, అన్న భుజముపై చెల్లెలు నిలుచుట, త్రాటిపై నడచుట మన పెద్దలు చూచినదే. ఆ పిల్లలకు తండ్రే గురువు. చేటెడు గింజలు పెట్టి పంపినామే గాని, దానిని విద్య యని మనము గౌరవించలేదు. ఆ దేహవిద్యకు సోదరి వంటిదే నేడు ఒలింపిక్సులో పతకములు తెచ్చుచున్నది.

మన తెలుగుపిల్ల బుద్దా అరుణారెడ్డి కథ వినుడు. హైదరాబాదులో మొదట కరాటే నేర్చుకొన్నది. ఒళ్లు విల్లువలె వంగుట చూచి, తండ్రి నారాయణరెడ్డిగారు జిమ్నాస్టిక్సులో చేర్పించినారు. 2010లో ఆయన గతించినారు. బ్రిజ్ కిశోర్ గారి శిక్షణలో ఆమె సాధన మానలేదు. 2018 ఫిబ్రవరిలో మెల్‌బోర్న్ ప్రపంచ కప్పు పోటీలలో వాల్టు అంశమున 13.649 మార్కులతో కాంస్యము గెలిచినది. ప్రపంచ కప్పులో వ్యక్తిగత పతకము పొందిన భారతీయులలో ఆమెయే ప్రథమురాలు.

త్రిపురకు చెందిన దీపా కర్మాకర్ పాదములు చదునైనవి. ఈ విద్యకు అది పెద్ద లోపము. గురువు బిశ్వేశ్వర్ నంది అందుకు ఆమెను తిప్పి పంపలేదు. ఏళ్ల తరబడి ఆ పాదములను సరిచేయించినారు. 2016 రియో ఒలింపిక్సులో 15.066 మార్కులతో నాలుగవ స్థానము వచ్చినది. కాంస్యము 0.150 తేడాతో తప్పినది.

ఇక తోబుట్టువుల మాట. మా రైల్వేవారికి గర్వకారణమైన ఇల్లొకటి యున్నది. శ్రీకాకుళము జిల్లా ఊసవానిపేటలో రైల్వే రక్షక దళపు కానిస్టేబులు ఒకరి కుమార్తెలు బరువులెత్తుట నేర్చినారు. వారిలో మల్లీశ్వరిని, పీలగా నున్నదని, గురువు నీలంశెట్టి అప్పన్నగారు మొదట వద్దన్నారు. తల్లి ధైర్యము చెప్పినది. తరువాత ఆ గురువే నేర్పినారు. 1990లో జాతీయ శిబిరమునకు ఎంపికైనది తోబుట్టువు కృష్ణకుమారి. మల్లీశ్వరి తోడుగా వెళ్లినది, అంతే. అక్కడ లియొనిద్ తరనెంకో అను విదేశీ శిక్షకుని కన్ను ఆమెపై పడినది. 2000లో సిడ్నీలో 240 కిలోలెత్తి కాంస్యము తెచ్చినది. ఒలింపిక్సు పతకము పొందిన మొదటి భారతీయ మహిళ ఆమెయే. ఆడువారి పోటీ ఏదైనను ఈ సంగతి మరువరాదు: తోడుగా వచ్చిన పిల్లను కూడ చూడవలెను.

అయితే నాణెమునకు రెండవ వైపు కూడ కలదు. ఇంగ్లండులో బెకీ, ఎలీ డౌనీ అను అక్కచెల్లెండ్రు జిమ్నాస్టిక్సులో పేరు మోసినవారు. ఎలీ 2017లో ఐరోపా ఆల్‌రౌండు విజేత. ఆ ఇద్దరే 2020లో నోరు తెరచి, తాము చిన్నతనమునుండి మామూలనుకొన్న కఠినశిక్షణ నిజమునకు హింసయని చెప్పినారు. 2022లో వెలువడిన విచారణ నివేదికలో పిల్లలకు తిండీ నీళ్లూ అందనీయకుండుట, గాయముతోనే సాధన చేయించుట వంటి సంగతులెన్నో బయటపడినవి. ఒకే ఇంటి పిల్లలిద్దరు కలసి వెళ్లుచున్నారు గదా, భయమేమి యని తల్లిదండ్రులు నిశ్చింతగా నుండరాదు. ఇద్దరికీ అదే అలవాటైనప్పుడు, ఇది తప్పని ఎవరు ఎవరికి చెప్పగలరు?

కనుక గురువు వద్ద పిల్లను వదలుటకు ముందు అడుగుడు: సాధన మేము కూర్చుండి చూడవచ్చునా? క్రింద మందమైన పరుపులున్నవా? నొప్పి యన్న పిల్లకు విశ్రాంతి యిత్తురా? అక్కను చూపి చెల్లెలిని దెప్పుదురా? ఈ ప్రశ్నలకు విసుగుకొను గురువు మనకు వద్దు. తొందర కూడ అక్కరలేదు. 1997 నుండి పెద్దల స్థాయి అంతర్జాతీయ పోటీలకు ఆడపిల్లలకు ఆ సంవత్సరమున 16 ఏండ్లు నిండవలెనను నియమమున్నది. ఆరేండ్ల పిల్ల చేత నేడే పతకము తెప్పించనవసరము లేదు.

మరొక మాట కొందరికి చేదుగా నుండవచ్చును. ఉగాది పచ్చడిలోని వేపపువ్వనుకొని స్వీకరింపుడు. ఇద్దరికి రుసుము కట్టలేనప్పుడు మనము కొడుకును పంపి కూతురును మాన్పించుచున్నాము. ఇప్పుడు మేము చెప్పిన పతకముల వారందరు కూతుళ్లే! చేయిపట్టని ఇండ్లకు సంఘము తోడు నిలువవలెను. సభ్యులు తలా కొంత వేసికొని పావగడలోని ఒక బడికి మంచి పరుపులు కొని యిచ్చి, వేసవి సెలవులలో చదువుకొన్న శిక్షకుని ఒకరిని పంపుదమని మేము ప్రతిపాదించుచున్నాము. బావిలోనికి దూకు పల్టీ పరుపుపై పడినప్పుడు, అది ఎంతదూరము పోవునో అప్పుడు చూతము.