టమాటా ఆకు తిప్పి చూడండి

కుండీలో టమాటా ఆకు రంగు మారగానే చాలామంది మందు కోసం పరుగెడతారు. ముందు ఏ ఆకు మారిందో చూడండి. అడుగున ఉన్న ముదురు ఆకులు మొత్తంగా పసుపుబారితే ఎక్కువగా నత్రజని చాలక. చిగురాకులు పాలిపోయి ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం. కింది ఆకుల మీద గోధుమరంగు మచ్చ, దానిలో వలయం లోపల వలయం కనిపిస్తే ఆకుమాడు తెగులు. ఆ ఆకులు తుంచి దూరంగా పారేయండి. నీళ్లు మొక్క మొదట్లోనే పోయండి, ఆకులు తడపొద్దు.

మన దగ్గర బాగా ఏడిపించేది ఆకుముడత వైరస్. చిగురాకులు చిన్నవై పైకి ముడుచుకుంటాయి, మొక్క గిడసబారుతుంది. దీన్ని మోసుకొచ్చేది తెల్లదోమ. కొమ్మ కదిపితే ఆకుల అడుగు నుంచి తెల్లటి పొడిలా లేస్తుంది. వైరస్ సోకిన మొక్కను బాగుచేసే మందు లేదు. జాలిపడకుండా పీకేయండి. మిగతా మొక్కల దగ్గర పసుపు జిగురు అట్టలు పెట్టండి. లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పూట ఆకుల అడుగున తగిలేలా పిచికారీ చేయండి.

ఒక్క మాట. ఎండాకాలం మధ్యాహ్నం ఆకులు చుట్టుకున్నా, చిగురు మామూలుగా ఎదుగుతుంటే అది వేడి ప్రభావమే. అలాంటి మొక్కను మాత్రం పీకకండి.