గంధర్వులకు సర్వీసు రూల్సు
(పింఛనుదారుల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా కేసు తీర్పు గుర్తుకు వస్తుంది. పింఛను ఎవరి దయాధర్మమూ కాదని సుప్రీంకోర్టు తేల్చిన రోజు అది. దాని మీద మాట్లాడగల ఉద్దండులు ఈ సభలో చాలామంది ఉన్నారు. బకాయిల సంగతి అధ్యక్షుల వారు చెప్పనే చెప్పారు. నాకు కార్యదర్శి గారు ఇచ్చిన అంశం 'విశ్రాంత జీవితంలో కాలక్షేపం'. యోగాసనాల గురించో, పెరటి మొక్కల గురించో చెబుతానని ఆయన అనుకొని ఉండవచ్చు. నేను మాత్రం గడచిన సంక్రాంతికి మా ఇంట్లో ఒక దేవజాతిని పుట్టించిన వైనం చెబుతాను. మీరు నవ్వినా నాకు ఫరవాలేదు. మా ఇంట్లోనూ నవ్వారు.

మా పెద్దవాని కొడుకు బెంగుళూరులో ఉద్యోగం చేస్తున్నాడు. పండుగకు నలుగురు స్నేహితులను వెంటబెట్టుకొని కర్నూలు వచ్చాడు. వచ్చిన మర్నాడే మా హాల్లో చాప పరచి, కాగితాలూ పెన్సిళ్ళూ, ఇరవై ముఖాల పాచికలూ పెట్టుకొని కూర్చున్నారు. అమెరికాలో 1974లో గైగాక్స్, ఆర్నెసన్ అనే ఇద్దరు 'డన్జన్స్ అండ్ డ్రాగన్స్' అని ఒక ఆటను తెచ్చారట. ఒకడు కథ నడుపుతాడు. మిగిలినవాళ్ళు తలా ఒక వేషం. తలుపు తెరుచుకుంటుందా, శత్రువు మాట వింటాడా అన్నది పాచిక చెబుతుంది. మన వీధినాటకానికి పచ్చీసాటతో పెళ్ళి చేస్తే పుట్టే బిడ్డ అనుకోండి.

కథ నడిపేవాడు మావాడే. ఆ కథలో ఆకాశంలో బతికే మనుషులు కావాలి. ఇంగ్లీషు పుస్తకంలో బంగారు రంగు ఒంటితో, కొంగ రెక్కలతో బొమ్మలున్నాయి. "ఇవి అందరూ వాడేసినారు జేజినాయనా. మనవాళ్ళు ఎట్లుంటారో చెప్పు" అన్నాడు. వాడు చదువుకునే రోజుల్లో మార్కుల గురించి తప్ప నేను వానితో మాట్లాడింది లేదు. ఉద్యోగం వచ్చాక జీతం గురించి అడిగేవాణ్ణి. వాడు నన్ను ఒక సంగతి అడగడం అదే మొదటిసారి.

ముందు రెక్కలు కొట్టేయించాను. తుంగభద్ర దాటి ఆలంపురానికి తీసుకుపోయాను. బాదామి చాళుక్యుల నాటి గుళ్ళు, పదమూడు వందల ఏళ్ళ పనితనం. ఆ రాతి మీద ఎగిరే గంధర్వ దంపతులకు రెక్కలు లేవు. మోకాళ్ళు వెనక్కి మడిచి, ఒక చెయ్యి ముందుకు చాచి, ఈదినట్టు పోతుంటారు. పిల్లలు మెడలు నొప్పి పుట్టేదాకా పైకి చూశారు. ఇంటికి రాగానే రెక్కల బొమ్మ చించేశారు.

ఆ తరువాత లక్షణాలు. భారతంలో నలుని కథ ఉంది కదా. దమయంతి స్వయంవరానికి ఇంద్రుడు, అగ్ని, వరుణుడు, యముడు నలుగురూ నలుని రూపంలోనే వచ్చి కూర్చుంటారు. ఆమె అసలు మనిషిని ఎట్లా పట్టుకుంది? దేవతలకు చెమట పట్టదు, రెప్ప పడదు, మెడలో దండ వాడదు, ఒంటికి దుమ్ము అంటదు, నీడ పడదు, పాదాలు నేలను తాకవు. నేను ఒక్కొక్కటే చెబుతుంటే మావాడు నంబర్లు వేసి రాసుకున్నాడు. వంటింట్లో నుంచి మా ఇంటామె "చెమట పట్టని మగోడు మన ఇంట్లో ఒకడు ఉండనే ఉన్నాడు, ఆకాశం దాకా ఎందుకు?" అన్నది.

కొత్త జాతిని పుట్టించడం మనకు కొత్త కాదని కూడా వాళ్ళకు చెప్పాను. పదహారో శతాబ్దంలో పింగళి సూరన 'కళాపూర్ణోదయం' రాసి నంద్యాల కృష్ణమరాజుకు అంకితమిచ్చాడు. మన నంద్యాలే, 2022లో వేరే జిల్లా అయింది గాని మనదే. అందులో బ్రహ్మ సరస్వతి అలక తీర్చడానికి ఒక కథ అల్లుతాడు. అల్లిన కథ భూమి మీద నిజంగా జరిగిపోతుంది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో మొదలైన సురభి నాటక సమాజం వాళ్ళు తాళ్ళూ తెరలతో నారదుణ్ణి మబ్బుల్లోంచి దించేవారు. చిన్నప్పుడు ఆ నాటకం చూసి, మబ్బు వెనక గిలక కిర్రుమన్న చప్పుడు కూడా దేవలోకంలో ఉండేదే అనుకున్నాను. ఇక 1957 నాటి 'మాయాబజార్' సంగతి చెప్పాలా? దర్శకుడు కె.వి. రెడ్డి గారిది తాడిపత్రి, నిర్మాత నాగిరెడ్డి గారిది కడప జిల్లా పొట్టిపాడు. మాటలు రాసిన పింగళి నాగేంద్రరావు గారు రాక్షసులకు వీరతాళ్ళు వేయించారు, తల్పానికి గిల్పం, కంబళికి గింబళి జత చేశారు. ఆ రెండు మాటలతోనే వాళ్ళకొక ఇల్లూ సంసారం ఏర్పడ్డాయి. ఇద్దరు పింగళివారూ ఒకే పని చేశారు చూడండి.

మేమూ మాటలు పుట్టించాం. మనకు వాన అంటే తుంపర, జల్లు, ముసురు, జడివాన, పదును వాన అని ఎన్ని పేర్లు! రానిదానికే పేర్లెక్కువ. విరాటపర్వం చదివిస్తే వస్తుందని చదివించినవాళ్ళం. మరి మబ్బుల పైన ఉండేవాళ్ళ మీద వాన పడనే పడదు. అది వాళ్ళ కాళ్ళ కింద నుంచి కిందికి పోయే సరుకు. కాబట్టి వాళ్ళ భాషలో వానకు ఒకే మాట, 'పంపకం'. మన డిస్పాచ్ గుమాస్తా టపా పంపినట్టు. ఎవరికి చేరిందో వాళ్ళకు తెలియదు, రిజిష్టరులో ఎక్కితే చాలు. ఈ మాట పిల్లలకు బాగా నచ్చింది.

ఆ గుంపులో ప్రొద్దుటూరు వైపు అమ్మాయి ఒకతె ఉంది. అప్పటిదాకా నవ్వుతూ విన్న పిల్ల, "తాతా, వాళ్ళ ఇంట్లో అంట్లు ఎవరు తోముతారు?" అన్నది. నాకు జవాబు తోచలేదు. మన పురాణాల్లో పాడేవాళ్ళున్నారు, ఆడేవాళ్ళున్నారు, శపించేవాళ్ళు లెక్కలేనంతమంది. తోమేవాళ్ళు కనబడరు. చివరికి నా సర్వీసు బుద్ధితో ఒక పద్ధతి చెప్పాను. పుణ్యం ఖర్చయిపోతే స్వర్గం నుంచి దిగిపోవలసిందేనని పెద్దలు చెప్పారు కదా, అంటే పుణ్యం మన అర్న్‌డ్ లీవు వంటిది. ప్రతివానికీ ఒక ఖాతా. వాడుకున్నకొద్దీ తరుగుతుంది. నిల్వ తగ్గినవానికి ఇంటిపని పడుతుంది. పూర్తిగా అయిపోతే నీడ పడటం మొదలవుతుంది. నీడ పడినవాడు నేలకు దిగాలి. ఆ ఖాతాలు రాయడానికి ఒక గుమాస్తా కావాలి. ఆ వేషం నాకిచ్చారు. ముప్పయ్యారేళ్ళ సర్వీసు చేసి రిటైరయినవాణ్ణి, మళ్ళీ అదే కుర్చీ!

ఆట రాత్రి తొమ్మిదింటికి మొదలయింది. నేను మబ్బుల పైన కూర్చొని పంపకాల రిజిష్టరు రాస్తున్నాను. కింద ఒక ఊరికి మూడేళ్ళుగా పంపకం లేదు. నా రిజిష్టరులో మాత్రం ఉన్నట్టు ఉంది. ఆ అమ్మాయి ఆ ఊరి ముసలమ్మ వేషం. ఎట్లాగో పైకి వచ్చింది. పొడుగ్గా మాట్లాడుతుందనుకున్నాను. ఒకే మాట అడిగింది. "అయ్యా, మా ఊరికి మీరెప్పుడన్నా వచ్చినారా?"

నేను లేచి వరండాలోకి పోయాను. పిల్లలు నాకు ఒంట్లో బాగాలేదనుకున్నారు.

ఈ సంగతి ఇదివరకు ఎవరికీ చెప్పలేదు. సర్వీసులో చేరిన కొత్తలో ఒక తాలూకా ఆఫీసులో ఉండేవాణ్ణి. పేరు అనవసరం. కరువు సంవత్సరం. ఏ ఊళ్ళో ఎన్ని అణాల పంట అన్న పట్టీ పై ఆఫీసుకు పోవాలి. దాన్ని బట్టే శిస్తు మాఫీ. ఒక ఊరి లెక్క రాలేదు. గడువు ఆ సాయంత్రమే. పక్క ఊరి అంకె వేసి పంపేయమని పైవారు నోటితో చెప్పారు, కాగితం మీద కాదు. పక్క ఊరికి చెరువుంది. ఈ ఊరికి వాన తప్ప దిక్కులేదు. ఆ తేడా నాకు తెలుసు. తెలిసే, ఎనిమిదణాలు అని నా చేతితో రాశాను. చుట్టుపక్కల ఎండిన ఊళ్ళకు మాఫీ వచ్చింది, ఆ ఊరికి రాలేదు. కొన్నాళ్ళకు ఒక ముసలి రైతు వచ్చి నా బల్ల ముందు నిలబడ్డాడు. తిట్టలేదు. "సారూ, మా ఊరికి ఎప్పుడు వచ్చినారు?" అని అడిగి, కాసేపు చూసి వెళ్ళిపోయాడు. ఆ ఊరికి నేను అప్పటికీ పోలేదు, ఆ తరువాతా పోలేదు. బస్సు ఆ దారిన పోయినప్పుడు కిటికీకి అటువైపు కూర్చునేవాణ్ణి.

ఆ రాత్రి వరండాలో ఇదంతా మావానికి చెప్పాను. వాడు నన్ను సమర్థించలేదు, తప్పుపట్టలేదు. "ఆ రైతు పేరేంది జేజినాయనా?" అన్నాడు. పేరు అడగలేదని చెప్పాను. చాలాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

తరువాత నేనే గయుని కథ ఎత్తుకున్నాను. 1963లో కె.వి. రెడ్డి గారి 'శ్రీకృష్ణార్జున యుద్ధం' చూడనివారు ఈ సభలో తక్కువ. చిలకమర్తి వారి 'గయోపాఖ్యానం' నాటకం మన ఊళ్ళలో తెల్లవార్లూ ఆడేవారు. గయుడనే గంధర్వుడు ఆకాశంలో పోతూ తాంబూలం ఉమ్ముతాడు. అది కింద సూర్యునికి అర్ఘ్యం ఇస్తున్న కృష్ణుని దోసిట్లో పడుతుంది. కృష్ణుడు వాణ్ణి చంపుతానని శపథం పడతాడు, సంగతి అడగకుండా అర్జునుడు అభయం ఇస్తాడు, బావా మరదులకు యుద్ధం వస్తుంది. ఇది వ్యాసభారతంలో లేదు. తరువాతివాళ్ళు కల్పించుకున్నదే. గయుడు దుర్మార్గుడు కాడు. కిందికి చూడలేదు, అంతే. చిన్నప్పుడు నాకు వాడి మీద జాలి ఉండేది. ఇప్పుడు ఆ జాలి ఎందుకో నిలవడం లేదు.

మర్నాడు పొద్దున్న మావాడు ఆకాశవాసుల రూల్సులో ఒకటి కలిపి రాశాడు. ఏ ఊరి పంపకం రాయాలన్నా ఆ ఊరి నేల మీద కాలు మోపి రావాలి. మోపితే దుమ్ము అంటుతుంది, దండ వాడుతుంది, పుణ్యం తరుగుతుంది. ఇష్టమైనవాడు దిగవచ్చు. నేను వెంటనే "దిగుతాను" అన్నాను. వాడు పాచిక నా చేతిలో పెట్టాడు. "అట్ల కాదు జేజినాయనా, వెయ్యాల. పదహైదు, ఆ పైన పడాల." "నేను ఒప్పుకున్నాక పాచిక ఎందుకురా?" అని వాదించాను. ఆ అమ్మాయి కూడా వాని వైపే మాట్లాడింది. వేశాను. మూడు పడింది. మా గుమాస్తా కాళ్ళు నేలకు జానెడు ఎత్తులో ఆగిపోయాయి. ముసలమ్మ కిందనే నిలబడి ఉంది.

పండుగ అయిపోయి పిల్లలు వెళ్ళిపోయారు. ఆట మాత్రం అయిపోలేదు. శనివారం రాత్రిళ్ళు సెల్‌ఫోనులో అందరం కనబడుతూ ఆడుతున్నాం. ఒక పాచిక నాకు వదిలిపోయారు, లైఫ్ సర్టిఫికెట్ల కవరులో దాచిపెట్టుకున్నాను. ఇప్పటికి నాలుగుసార్లు వేశాను. మొన్న పద్నాలుగు పడింది. ఒక్కటి తక్కువ. కాస్త సర్దమని మావాణ్ణి అడిగితే, "నువ్వే కదా జేజినాయనా, అంకె సర్దకూడదని చెప్పింది" అన్నాడు.

కార్యదర్శి గారు గడియారం చూపిస్తున్నారు. ఎల్లుండి శనివారం మళ్ళీ వేయాలి. సెలవు.