స్థూలకాయం కూడా జబ్బే – మందు అందరికీ అందాలి

(కూర్మన్నపాలెంలో జరిగిన సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఆరోగ్యం మీద మాట్లాడమని కార్యదర్శిగారు అడిగినప్పుడు, నేను డాక్టరును కాను, గుమాస్తాను మాత్రమే అని మనవి చేశాను. "అందుకే అడుగుతున్నాం, రూల్సు మీకు తెలుసు కదా" అన్నారు. కాబట్టి వైద్యం సంగతి కొంచెం, రూల్సు సంగతి కొంచెం, మన ఇళ్ళలో అనుకునే మాటల సంగతి మరికొంచెం చెప్పి విరమిస్తాను.

2025 జూన్ 21న మన విశాఖ సముద్ర తీరంలో అంతర్జాతీయ యోగా దినోత్సవం జరిగింది. ప్రధానమంత్రి వచ్చారు. లక్షల మంది ఆసనాలు వేశారు. స్థూలకాయం తగ్గాలంటే వంటనూనె వాడకం పది శాతం తగ్గించుకోవాలని అక్కడ కూడా గుర్తు చేశారు. సరిగ్గా మూడు రోజులకు, జూన్ 24న, బరువు తగ్గించే వేగోవి అనే సూదిమందు మన దేశంలో అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది మార్చిలో మౌంజారో వచ్చి ఉంది. నూనె మాట అందరికీ చేరింది. మందు మాట డబ్బున్నవారికే చేరింది. ఈ రెండూ ఒకదానికొకటి విరుద్ధం కావనీ, రెండూ అందరికీ అందాలనీ నా మనవి.

ఇది గొప్పింటి జబ్బు అని కొట్టిపారేయడానికి లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్ స్త్రీలలో నూటికి 36 మంది ఉండవలసిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఆ సంఖ్య 24. పురుషులలో మనకు 31.

ఇక మన మాటల సంగతి. మన చిన్నతనంలో తిండిగింజలకు కరువు. ఎవరైనా కాస్త ఒళ్ళు చేస్తే "నీళ్ళు పడ్డాయిరా" అని సంతోషించేవారు. బొజ్జ కలిమికి గుర్తు. ఈనాడు అదే బొజ్జను చూసి నవ్వుతున్నాం. సినిమాల్లో లావుపాటి మనిషి తెరమీదకు వస్తే చాలు, ఇంకా నోరు విప్పకముందే హాలంతా నవ్వేది. పెళ్ళిచూపుల్లో పిల్ల కాస్త బొద్దుగా ఉంటే కట్నం లెక్కలు మారిపోతాయి. వినాయకుడి బొజ్జకు ఉండ్రాళ్ళు పెట్టి మొక్కే మనమే, పక్కింటి పిల్లవాణ్ణి పీపా అని పిలుస్తాం.

చరక సంహితలో అతి స్థూలుల గురించి, అతి కృశుల గురించి చెప్పిన అధ్యాయానికి 'అష్టౌనిందితీయం' అని పేరు. నిందకు గురయ్యే ఎనిమిది రకాల శరీరాల గురించి అన్నమాట. పేరులో నింద ఉన్నా, లోపల ఉన్నది మాత్రం కారణాలు, లక్షణాలు, చికిత్స. మనం పేరు పట్టుకున్నాం, చికిత్స వదిలేశాం.

ఆలోచించండి. రక్తపోటు ఉన్నవాడు మాత్ర మింగితే "ఉప్పు మానలేని చవట" అని ఎవరూ అనరు. బరువుకు మందు వేసుకుంటున్నానంటే మాత్రం "నోరు కట్టుకోలేక సూదులు పొడిపించుకుంటున్నాడు" అంటారు. ఆకలి అనేది ఒక్క మనోనిబ్బరం మీద ఆధారపడింది కాదని వైద్యశాస్త్రం తేల్చింది. తిన్న తరువాత పేగుల్లో ఒక హార్మోను పుట్టి, ఇక చాలు అని మెదడుకు కబురు చేస్తుంది. బరువు తగ్గడం మొదలుపెట్టగానే శరీరం ఆకలి పెంచి, పోయిన బరువును తిరిగి తెచ్చుకోవాలని చూస్తుంది. వేగోవిలో ఉండే సెమాగ్లూటైడ్ ఆ పేగు హార్మోనులాగే పనిచేస్తుంది. వారానికొక సూది. 68 వారాల పరీక్షలో మందు తీసుకున్నవారి బరువు సగటున నూటికి 15 వంతులు తగ్గింది. మందు లేకుండా ఆహార నియమం, వ్యాయామం మాత్రమే పాటించినవారికి రెండున్నర వంతులు. సూది ఆపేసిన ఏడాదికి, తగ్గిన బరువులో మూడింట రెండు వంతులు తిరిగి వచ్చింది. అంటే ఇది బి.పి. మాత్రలాగా దీర్ఘకాలం వాడవలసిన మందు. నాలుగు నెలలు వేసుకుని మానేసేది కాదు.

మన సభ్యులలో ఒకరి ఇంటి సంగతి, ఆయన అనుమతితో చెబుతున్నాను. వదినగారి ఎత్తు అయిదడుగుల మూడంగుళాలు, బరువు 92 కిలోలు. షుగరు ఎంతకీ అదుపులోకి రావడం లేదు. మోకాళ్ళు అరిగిపోయాయి. మోకాళ్ళకు బరువు తగ్గమన్నారు. బరువుకు నడవమన్నారు. నడవడానికి మోకాళ్ళు లేవు. అందులోనూ ఉక్కునగరం చెట్ల నీడలో నడవడం వేరు, కూర్మన్నపాలెం జంక్షనులో లారీల మధ్య నడవడం వేరు. స్థూలకాయంతో బాటు మోకాళ్ళ నొప్పులున్నవారికి సెమాగ్లూటైడ్ ఇస్తే బరువుతో బాటు నొప్పీ బాగా తగ్గిందని 2024లో ఒక పెద్ద పరిశోధన ప్రచురితమైంది. ఆ మాట ఆమె చెవిన పడింది. ధర కూడా పడింది.

మౌంజారో వచ్చిన కొత్తలో చిన్న మోతాదు సీసా 3,500 రూపాయలు. నెలకు నాలుగు, అంటే 14,000. వేగోవి ప్రారంభ మోతాదు నెలకు 17,345. దానిని 2025 నవంబరులో 10,850కి తగ్గించారు. మన పక్కనున్న స్టీలుప్లాంటు విశ్రాంత కార్మికులు చాలామంది ఇ.పి.ఎస్.-95 పింఛనుదారులు. ఆ పథకంలో 2014లో నిర్ణయించిన కనీస పింఛను నెలకు వెయ్యి రూపాయలు. లెక్క నేను వేయనక్కరలేదు.

ధర దిగే దారి లేదా? ఉంది. సెమాగ్లూటైడ్ మీద మన దేశంలో పేటెంటు గడువు 2026 మార్చి వరకే. గడువు తీరితే మన కంపెనీలూ తయారు చేయవచ్చు. 1970 పేటెంట్ల చట్టం మందు మీద కాక, తయారీ పద్ధతి మీద మాత్రమే పేటెంటు ఇచ్చింది. ఆ చట్టం నీడలోనే హైదరాబాదు మందుల పరిశ్రమ పెరిగింది. 2005 నుంచి మందు మీదే పేటెంటు వచ్చింది. 2001లో మన సిప్లా కంపెనీ ఎయిడ్స్ మందులను రోజుకు ఒక డాలరు లోపు ఇస్తానని ముందుకు వచ్చేసరికి, వేల డాలర్ల వైద్యం బీదదేశాలకు అందుబాటులోకి వచ్చింది. మనకు కూతవేటు దూరంలో పరవాడ ఫార్మాసిటీ ఉంది. మందుల తయారీ మనకు కొత్త కాదు. కాబట్టి ఇదివరకు ధర విని వెనక్కి తగ్గినవారు మళ్ళీ ఒకసారి డాక్టరునూ, మందుల షాపునూ అడగండి.

ఇక రూల్సు. ఆరోగ్య బీమా పాలసీ మీ ఇంట్లో ఉంటే మినహాయింపుల పేజీ తీయండి. ఆరో నంబరు స్థూలకాయం గురించే. బరువు తగ్గించే ఆపరేషనుకు డబ్బు రావాలంటే బి.ఎం.ఐ. 40 ఉండాలి, లేదా 35 ఉండి అదుపులేని షుగరు, గుండెజబ్బు వంటివి ఉండాలి. అంతకుముందు తేలికపాటి పద్ధతులు విఫలమై ఉండాలి. మన వదినగారి బి.ఎం.ఐ. 36 దగ్గర. కడుపు కోయించుకోవడానికి ఆమె దరఖాస్తు పెట్టుకోవచ్చు. కానీ మామూలు పాలసీలు ఆసుపత్రిలో చేరితేనే ఖర్చు ఇస్తాయి గనుక, ఇంట్లో వేసుకునే సూదికి పైసా రాదు. తేలికపాటి పద్ధతి విఫలం కావాలంటారు, ఆ పద్ధతికి మాత్రం డబ్బివ్వరు. ఇటువంటి ఫైలు నా బల్ల మీదకు వచ్చి ఉంటే పునఃపరిశీలనకు అని నోటు రాసి పైకి పంపేవాణ్ణి.

మధుమేహంతో బాటు గుండెజబ్బో మూత్రపిండాల జబ్బో ఉండి, స్థూలకాయం కూడా ఉన్నవారి కోసం ఈ మందులను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 సెప్టెంబరులో అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. కనుక మన సంఘం తరఫున ఒక తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. ముందుగా అటువంటి రోగులకైనా పింఛనుదారుల ఆరోగ్య పథకాల ద్వారా ఈ మందు ఇవ్వాలని ప్రభుత్వాన్ని కోరుదాం.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. ఎవరో చెప్పారని కొనకండి. బరువు తగ్గించే సిబుట్రమిన్ అనే మాత్రను గుండెకు ముప్పని 2011లో మన ప్రభుత్వం నిషేధించింది. ఈ కొత్త సూదులతో వికారం, వాంతులు, మలబద్ధకం మామూలు. పిత్తాశయంలో రాళ్ళు, క్లోమం వాపు అరుదుగా రావచ్చు. మన వయసులో కొవ్వుతో బాటు కండ కూడా కరుగుతుంది. కండ పోతే తూలి పడతాం. పప్పు, గుడ్డు, పెరుగు తగ్గనివ్వకుండా, చేతనైన కసరత్తు చేస్తూ, డాక్టరు చీటీ మీదనే వాడాలి. ఇన్సులిన్ తీసుకునేవారు ఆ మోతాదు సంగతి ముందే అడగాలి.

మిత్రులారా, పింఛను దయాధర్మం కాదు, హక్కు అని 1982 డిసెంబరు 17న నకారా కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అప్పటిదాకా మనవాళ్ళు కూడా కొందరు "ఇచ్చింది చాలులే" అనుకునేవారు. వైద్యం విషయంలో ఇంకా అలాగే అనుకుంటున్నాం. ప్రభుత్వం తీర్మానం ఆమోదించడానికి ఏళ్ళు పట్టవచ్చు. మన ఇంట్లో లావుగా ఉన్న కోడలినో, మనవడినో వెక్కిరించడం మానడానికి మాత్రం ఏ జీవో అక్కరలేదు. ఆ ఉత్తర్వు ఈ సాయంత్రం నుంచే అమలులోకి రావాలని కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.